ఎరి యోషిదా ఆయుధం నకుల్ బాల్: వేయడం ఎలా?

2008లో జపాన్ బేస్‌బాల్ జట్టు కోబె 9 క్రూజ్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) తీసుకునేనాటికి ఎరి యోషిదాకు 16 ఏళ్లు. మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టు అలా ఎంచుకున్న తొలి జపాన్ అమ్మాయి ఆమె. 2010లో అమెరికా వెళ్లి చికో అవుట్‌లాస్ జట్టుకు ఆడారు. వేగంతో మగ బ్యాటర్లను నెగ్గడం ఆమెకు కుదిరేది కాదు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాడు) టిమ్ వేక్‌ఫీల్డ్ వీడియోలు చూసి నేర్చుకున్న నకుల్ బాలే, అంటే దాదాపు తిరగకుండా నెమ్మదిగా వెళ్లే బంతే, ఆమెను అక్కడిదాకా తీసుకెళ్లింది. చేతిలో వేగం లేనివాళ్లకు ఇంతకంటే మంచి పిచ్ (బంతి వేసే తీరు) లేదు. అలాగని తేలిగ్గా పట్టుబడేదీ కాదు.

ఇందులో పనంతా కుట్టుది. బంతి దాదాపు తిరగకుండా వెళ్తే కుట్టున్న వైపు గాలి ఒకలా, నున్నటి వైపు ఇంకోలా పారుతుంది. బంతి మెల్లగా ఒరిగేకొద్దీ గాలి బంతిని తోసే దిశ మారిపోతుంది. పిచ్చర్ నుంచి హోమ్ ప్లేట్‌కు (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలకకు) 18.44 మీటర్లు. ఆ దారిలో బంతి ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర తిరగాలి.

గుర్రపు నాడాలా వంగిన కుట్టుకు సరిగ్గా కింద, తోలు మీద చూపుడువేలు, మధ్యవేలు గోళ్లు ఆనించండి. బొటనవేలు ఒక పక్క, ఉంగరపు వేలు రెండో పక్క. బంతి అరచేతికి తగలకూడదు. గోళ్లు వేలికొసను కొంచెం దాటి ఉంటే చాలు. మరీ పెరిగితే విరుగుతాయి, పొట్టిగా ఉంటే పట్టు జారుతుంది. కత్తిరించకుండా ఫైల్‌తో అరగదీయండి.

అసలు కష్టం బంతిని వదలడంలో ఉంది. మణికట్టును బిగించి, విసురు చివర్లో ఝాడించకుండా, బంతిని ముందుకు నెట్టినట్టు వదలాలి. సరిగ్గా ఆ క్షణంలో ముడుచుకున్న రెండు వేళ్లూ కొద్దిగా తెరుచుకోవాలి. చేతి విసురు బంతిని వెనక్కి తిప్పబోతుంది, గోళ్ల తోపు దాన్ని రద్దు చేస్తుంది. తోపు చాలకపోతే బంతి వెనక్కే తిరుగుతుంది, ఎక్కువైతే ముందుకు దొర్లుతుంది. పక్కకు తిరుగుతోందంటే ఒక వేలు రెండోదానికంటే ఆలస్యంగా వదులుతోందన్నమాట. యోషిదాలా చెయ్యి పక్కనుంచి తెచ్చి వేసేవాళ్లకు ఈ తప్పు మరీ ఎక్కువ. కాబట్టి ముందు రెండు గోళ్లూ ఒకే లోతున ఆనాయో లేదో చూసుకోండి.

బంతి చుట్టూ మార్కర్‌తో లావుపాటి గీత గీయండి. ఏడెనిమిది మీటర్ల నుంచి, కాలు ఎత్తకుండా, నిదానంగా వేయండి. అవతలివాళ్లకు గీత స్పష్టంగా కనబడితే సరిగ్గా వదిలినట్టే, మసకబారితే తిరుగుతున్నట్టే. వరుసగా గీత కనబడుతున్నాకే దూరం పెంచండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. దూరం పెరగగానే బలం వాడతారు, మణికట్టు మళ్లీ ఝాడిస్తుంది. తిరిగిపోయిన నకుల్ బాల్ అంటే బ్యాటర్‌కు నెమ్మదైన, తిన్నని బంతి. దాన్ని ఎంత దూరమైనా కొడతాడు.

బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కు ఈ పిచ్ కోసం వాడే పెద్ద మిట్ (గ్లవ్) ఇవ్వండి. మాస్కు లేకుండా కూర్చోనివ్వొద్దు. బంతి కోసం చెయ్యి ముందుకు చాపకుండా, దగ్గరికి వచ్చేదాకా ఆగమని చెప్పండి, ఎందుకంటే చివరి మలుపు ప్లేట్ దగ్గరే వస్తుంది.