పందెం వేసే ముందే ఆల్‌ఇన్ లెక్క

పందేనికి పరిమితి లేని పోకర్ ఆట నో-లిమిట్ హోల్డెమ్‌లో చిప్స్ చాలావరకు పాట్‌లో (అందరి పందేలూ పోగయ్యే మొత్తంలో) పడ్డాక ఎదుటివారు ఆల్‌ఇన్ (తమ దగ్గరున్న చిప్స్ అన్నీ పందెం) అంటే, ముక్కలు పడేయలేక, ముందుకు పోలేక సతమతమవుతాం. అందువల్ల టర్న్‌లో (బల్లపై నాలుగో ముక్క తెరిచాక) పందెం వేయకముందే ఆ ఆల్‌ఇన్‌కు జవాబు నిశ్చయించుకోవాలి. పాట్‌లో 300, ఇద్దరి వద్దా చెరో 900 ఉన్నాయనుకుంటే, 300 వేసి ఆల్‌ఇన్ ఎదుర్కొన్నప్పుడు మనం పెట్టేదీ కలిపి 2,100 అయ్యే పాట్ కోసం మరో 600 పెట్టాలి గనుక, గెలిచే అవకాశం 29 శాతమున్నా కాల్ చేయడమే (ఆ మొత్తం పెట్టి ఆటలో నిలవడమే) లాభం. 100 మాత్రమే వేస్తే 38 శాతం దాకా కావాలి కాబట్టి తప్పుకోవడం సులువు. మంచి ముక్కలకూ బ్లఫ్‌కూ (బలహీన ముక్కలతో బెదిరించే పందేనికీ) ఒకే మొత్తం వేస్తే (ముఖకవళికలు దాచుకోవడం కన్నా ఇదే ముఖ్యం) చేతిలో ఏముందో బయటపడదు. అయితే తిరుగులేని ముక్కలుంటే తప్ప ఆల్‌ఇన్ అనని ఆటగాడి ముందు మనకు ఆ 29 శాతం కూడా ఉండకపోవచ్చు.