మైలేజీ పడిపోయిందా? బ్రేకులు కూడా చూడండి

అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలే. పంపు మీద 87, 89, 93 అంకెలు కనిపిస్తాయి. మన ఊళ్లో 91 పోసేవాళ్లం, 87 నాసిరకమేమో అనుకోవద్దు. ఆ అంకెలు ఆక్టేన్, అంటే పెట్రోలు రకం చెప్పేవి; లెక్కగట్టే పద్ధతి వేరు. అక్కడి 91, ఇక్కడి 87 దాదాపు ఒకటే. మాన్యువల్‌లో 87 చాలని ఉంటే 93 పోయడం దండగ. డీజిల్ గొట్టం పిడి చాలా బంకుల్లో ఆకుపచ్చగా ఉంటుంది గానీ, కొన్నిచోట్ల పెట్రోలుదీ అదే రంగు. రంగు చూసి కాదు, రాత చదివి తీయండి. న్యూజెర్సీలో ఈ బాధ లేదు, బంకు మనిషే పోస్తాడు.

ట్యాంకు నింపి ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ నింపినప్పుడు తిరిగిన మైళ్లను పట్టిన గ్యాలన్లతో భాగిస్తే మైలేజీ. 30 వస్తే లీటరుకు దాదాపు 12.8 కిలోమీటర్లన్నమాట. రెండు మూడు ట్యాంకులు ఇలా రాసుకుంటే మీ కారు మామూలు అంకె తెలుస్తుంది. అది తగ్గితే ముందు టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చువేసింది గరిష్ఠ పరిమితి, అంత కొట్టకూడదు. ఉష్ణోగ్రత 10 ఫారన్‌హీట్ డిగ్రీలు పడిపోతే గాలి సుమారు 1 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది.

గాలి సరిగ్గా ఉన్నా మైలేజీ రాకపోతే, కారు ఒక పక్కకు లాగుతుంటే, అనుమానం బ్రేకుల మీదకి పోవాలి. పది మైళ్లు నడిపి ఆపాక ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టండి, తాకకుండా. ఒక్క చక్రమే సెగ కక్కుతుంటే అక్కడ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పట్టేసినట్టే. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు వల్ల తుప్పు పట్టి, గ్రీజు ఎండిపోయి, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు బిగుసుకుంటాయి. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది మందంగా ఉందంటే కారణం సాధారణంగా ఇదే.

ముందు చక్రాల ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. కొత్త ప్యాడ్ మందం 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 3కి వస్తే మార్చాలి, అదీ రెండు పక్కలా కలిపే. షాపులో ‘బ్రేక్ ఆయిల్’ అంటే అర్థం కాదు, బ్రేక్ ఫ్లూయిడ్ అనాలి; డిస్కుని రోటర్ అంటారు. కొన్ని పనిముట్లు ఆటోజోన్ అనే కారు విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కిస్తారు. అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో రిపేరుకి లీజు ఒప్పుకుంటుందో లేదో ముందు చదవండి.

చదునైన నేల మీద ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలి. తర్వాత జాకీతో లేపి, స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టకండి. చక్రం తీసి, కాలిపర్ బోల్టులు విప్పి, దాన్ని తీగతో స్ప్రింగుకి కట్టండి. బ్రేకు గొట్టం మీద వేలాడితే గొట్టం లోపల చిట్లుతుంది. డిస్కు అంచున కనీస మందం అచ్చువేసి ఉంటుంది, అంతకంటే పలచబడితే అదీ మార్చాలి.

పిన్నులు బయటికి లాగి తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. రెండు పిన్నులూ ఒకేలా ఉండకపోవచ్చు, దేని చోట దాన్నే పెట్టండి. కాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని సీ క్లాంపుతో (C ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు) మెల్లగా లోపలికి నొక్కేటప్పుడు ఫ్లూయిడ్ డబ్బా మీద కన్నుంచండి. పొంగి పడితే పెయింటు లేచిపోతుంది. వెనక బ్రేకులకు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే మాత్రం ఇలా నొక్కకండి, మోటారు పాడవుతుంది. దానికి సర్వీస్ మోడ్ వేరే ఉంటుంది.

కొత్త ప్యాడ్లు పెట్టి, కాలిపర్ బిగించి, చక్రం ఎక్కించాక నట్లు ఎదురెదురుగా బిగించాలి. చాలా క్యామ్రీ, కరోలాలకు బిగింపు బలం 76 ఫుట్ పౌండ్లు, మీ మాన్యువల్‌లో సరిచూసుకోండి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదే పదే తొక్కండి. మరచిపోతే మొదటి బ్రేకు పడదు.