పనులు నిండుగా ఉన్నాయి, నిద్ర లేదు, డబ్బు నిలవడం లేదు: వైరింగు మేస్త్రీలకు సమస్య - పరిష్కారం

సొంతంగా పనులు ఒప్పుకొని చేసే ఎలక్ట్రీషియన్లను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. ప్లంబర్లకు, వడ్రంగులకు, పెయింటర్లకు కూడా లెక్క ఇదే, సరుకు పేర్లు మాత్రమే మారతాయి. ఇంటి ఖర్చుకూ పని ఖర్చుకూ ఒకే జేబు వాడకూడదని, కొలతలు చూడకుండా అంచనా చెప్పకూడదని, శనివారం కూలీల బట్వాడా తప్పకూడదని మీకు తెలుసు కనుక వాటి జోలికి పోను. తెనాలి చుట్టుపక్కల ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ వైరింగు చేస్తున్నాను. తోటి మేస్త్రీలు వచ్చి చెప్పుకొనే బాధ దాదాపు ఒకటే, నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే. ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకొని వచ్చినవారు ఇంతవరకు ముగ్గురికి మించి లేరు.

లక్షణం

చేతిలో మూడు నాలుగు ఇళ్ళు ఒకేసారి నడుస్తుంటాయి. ఫోను ఉదయం ఆరింటికి మొదలై రాత్రి పదింటికి కూడా ఆగదు. ఆదివారం అన్నది ఉండదు. నడుము నొప్పికి మాత్రలు వేసుకుంటూ నిచ్చెన ఎక్కుతుంటారు. ఇంట్లో పిల్లలు మీతో కాక మీ ఫోనుతో మాట్లాడడం అలవాటు చేసుకొని ఉంటారు. పోయిన ఏడాదికంటే పని రెట్టింపయిందని నలుగురూ అంటుంటారు, మీరూ అదే అనుకుంటుంటారు, అయినా శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మర్నాటి కూలీలకు ఎక్కడినుంచి తేవాలన్న దిగులు గుండెల్లో రాయిలా కూర్చుంటుంది.

దీనికి మనవాళ్ళు చేసే వైద్యాలు మూడు. ఇంకో హెల్పరును పెట్టుకుంటారు, దానితో శనివారం బట్వాడా ఇంకాస్త పెరుగుతుంది. రేటు పెంచుతారు, వచ్చిన ఆ నాలుగు రూపాయలూ ఎటు పోయాయో తెలియకుండా పోతాయి. తిరుపతి వెళ్ళి రెండు రోజులు ఫోను ఆపి వస్తారు, మూడో రోజున ఎనిమిది మంది యజమానులు ఒకేసారి తిట్టడానికి సిద్ధంగా ఉంటారు. ఈ మూడింటిలో ఏదీ చెడ్డది కాదు గాని, కారణం చూడకుండా ఫ్యూజు మార్చుకుంటూ పోతే అది మళ్ళీ మళ్ళీ కొడుతూనే ఉంటుందని ఈ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

ముందుగా చూడవలసినది

గత ఐదు పనులు మీరు ఏ రోజున ఒప్పుకున్నారో రాయండి. తేదీ గుర్తు లేకపోతే అడ్వాన్సు పడిన రోజును ఫోన్‌పేలోనో బ్యాంకు పుస్తకంలోనో చూసుకోండి. అది ఏ వారమో పక్కన వేయండి.

నేను రాసుకున్నప్పుడు ఐదింటిలో నాలుగు గురు, శుక్రవారాల్లో పడ్డాయి. ఇళ్ళు కట్టుకొనేవారికి గురువారం మీద అంత ప్రేమ ఏమీ లేదు, నాకే శనివారం మీద భయం. సోమవారం ఫోను చేసినవారికి "చూద్దాం లెండి" అన్నవాణ్ణి, శుక్రవారం చేసినవారికి వెంటనే వస్తానని చెప్పి బయానా పట్టుకొని వచ్చాను. మీ కాగితం మీద కూడా ఇలాగే తేలితే మిగతా కారణాలను పక్కన పెట్టి కింది భాగం మాత్రం నిదానంగా చదవండి.

అసలు కారణం: ఒక ఇంటి అడ్వాన్సుతో ఇంకో ఇల్లు పూర్తిచేయడం

సరుకుతో సహా గుత్తకు ఒప్పుకొనే ప్రతి వైరింగు పనిలోనూ డబ్బు ముందు వస్తుంది, ఖర్చు వెనుక వస్తుంది. స్లాబులో పైపులు వేసే రోజుకు మనకు అడ్వాన్సు అందుతుంది, అప్పటికి అయ్యే ఖర్చు పైపులు, డబ్బాలు, రెండు రోజుల కూలి మాత్రమే. పెద్ద ఖర్చయిన వైరు, ఎంసీబీలు (ఫ్యూజుల స్థానంలో వాడే, లోడు ఎక్కువైతే తమంతట తామే పడిపోయే స్విచ్చులు), మామూలు స్విచ్చులు ఆరేడు నెలల తర్వాత, గోడలు పూత అయ్యాక వస్తాయి. మధ్యలో ఆ డబ్బు మన ఖాతాలో ఊరికే కూర్చొని మనదే అన్నట్టు కనిపిస్తుంది. పిల్లల ఫీజుకు అందులోంచే తీస్తాం, బండి వాయిదాకు అందులోంచే తీస్తాం, పాత ఇంటికి తక్కువైన వైరుకూ అందులోంచే తీస్తాం. ఈ ఇంటికి వైరు లాగే రోజు వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు కాబట్టి ఇంకో కొత్త ఇల్లు ఒప్పుకోక తప్పదు. దీనికి రాగి ధర తోడవుతుంది. స్లాబు నాడు చెప్పిన అంచనాకు, వైరు కొనే నాటికి ఒక్కో 90 మీటర్ల కాయిల్ మీద 300 రూపాయలు పెరిగినా ఇరవై కాయిళ్ళకు 6,000 మన నెత్తిన పడుతుంది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, బయటికి ఇది వ్యాపారం పెరగడంలాగే కనిపిస్తుంది. పనులు ఎక్కువైనందువల్ల విశ్రాంతి లేదని అనుకుంటాం గాని, నిజానికి విశ్రాంతి తీసుకుంటే కొత్త బయానా రాదు, బయానా రాకపోతే పాత పని ఆగిపోతుంది కాబట్టి పనులు ఎక్కువ చేసుకుంటున్నాం. ముహూర్తాలు లేని ఆషాఢంలోనైనా నాలుగు రోజులు ఇంటి పట్టున ఉండవలసిన మనిషి, ఆ నెలలో అడ్వాన్సులు రావేమోనన్న భయంతో మామూలుకంటే ఎక్కువ తిరుగుతాడు.

నాకు ఇది తెలిసివచ్చిన రాత్రి గురించి చెప్పాలి. శ్రావణ మాసం, తెల్లవారుజామున గృహప్రవేశం, రాత్రి పదకొండు దాటింది. అది మూడు వారాల గడువు మాత్రమే ఉండగా ఒప్పుకోకూడని ఇల్లు. ఇంకో ఇంటికి వైరు కొనడానికి డబ్బు లేక ఒప్పుకున్నాను. మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. మెయిన్ స్విచ్చు దించి, డీబీలో (ఇంటి కరెంటు పంపిణీ పెట్టెలో) ఒక ఎంసీబీ మార్చడానికి సెల్‌ఫోను లైటు నోట కరచుకొని చేయి పెట్టాను. పందిరి దీపాల కోసం టెంటువాళ్ళు జనరేటరు నుంచి లాగిన వైరును అదే డీబీకి కలిపి ఉంచారన్న సంగతి నేను చూసుకోలేదు. స్టూలు మీదినుంచి వెనక్కి పడ్డాను, కుడిచేతి రెండు వేళ్ళు కాలాయి, అంతటితో పోయింది. టెస్టరు నా చొక్కా జేబులోనే ఉంది. ఆ ఒక్క రాత్రి తప్ప ఏనాడూ టెస్టరు పెట్టి చూడకుండా నేను చేయి పెట్టలేదు. కట్టు కట్టుకొని ఇంట్లో కూర్చున్న వారంలోనే మొదటిసారి ఈ లెక్క వేశాను.

లోటు లెక్క వేసే విధానం

ఒక కాగితం చాలు. ఇంకా పూర్తికాని ఇళ్ళన్నింటి నుంచి ఇంతవరకు మీకు అందిన మొత్తం రాయండి. అదే ఇళ్ళకు ఇంతవరకు అయిన ఖర్చు రాయండి. ఇందులో సరుకు, హెల్పర్ల కూలితోపాటు మీరు పనిచేసిన రోజులకు మీ కూలి కూడా కలపాలి, ఎందుకంటే అది మీరు న్యాయంగా వాడుకోదగిన డబ్బు. మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే మిగిలేది యజమానుల సొమ్ము, అది ఈ రోజు మీ దగ్గర ఉండి తీరాలి. ఇప్పుడు బ్యాంకులోనూ జేబులోనూ ఉన్నది లెక్కపెట్టండి. ఆ రెండింటి తేడాయే మీ లోటు. దుకాణంలో అరువు ఉంటే దాన్నీ లోటుకు కలపండి.

నా కాగితం మీద నాలుగు ఇళ్ళకు అందినది 4,10,000, అయిన ఖర్చు 2,60,000. చేతిలో ఉండవలసినది 1,50,000, ఉన్నది 22,000. దుకాణం బాకీ అప్పటికి లేదు. లోటు 1,28,000. అందులో సుమారు 50,000 ఏడాది కిందట ముగిసిన ఒక ఇంట్లో పోయింది, చివరి బిల్లు రాలేదు. మిగతాది ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. ఆ అంకె చూసినప్పుడు భార్యకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాక ఆమె అడిగినది ఒక్కటే: "ఇన్నాళ్ళూ నువ్వు సంపాదిస్తున్నావనుకున్నదంతా ఇదేనా?"

పరిష్కారం

లోటు పూడ్చడానికి వడ్డీకి తేవడం మొదట తట్టే ఆలోచన, మొదట వదులుకోవలసినదీ అదే. నూటికి మూడు రూపాయల వడ్డీ లెక్కన 1,28,000కు నెలకు 3,840 వడ్డీకే పోతుంది, శుక్రవారం దిగులు అలాగే ఉంటుంది. చిట్టీ ముందుగా పాడుకోవడం కూడా అప్పే.

చేయవలసినది ఏమిటంటే, కొత్తగా వచ్చే పనులను కొంతకాలం లేబరుకు మాత్రమే ఒప్పుకోవాలి. సరుకు జాబితా రాసి యజమాని చేతికివ్వండి, దుకాణానికి తోడు వెళ్ళండి, ఐఎస్‌ఐ గుర్తు చూసి ఎంచిపెట్టండి, డబ్బు మాత్రం ఆయనే కట్టాలి. సరుకు మీద మిగిలే నాలుగు రూపాయలు పోతాయన్న మాట నిజమే. కాని పరాయి డబ్బు మీ చేతిలోకి రానంతకాలం దాన్ని వాడుకొనే అవకాశం ఉండదు, రాగి ధర పెరిగితే మీకు నిద్ర పట్టకపోవడమూ ఉండదు. కూలి వారం వారం తీసుకోండి. ఆ కూలిలోంచి నెలకు ఒక నిర్ణీత మొత్తాన్ని పాత లోటుకు వేరే ఖాతాలో వేయండి. నెలకు 8,000 చొప్పున నా లోటు పదహారు నెలల్లో తీరాలి. మధ్యలో మూడు నెలలు వేయలేకపోయాను కాబట్టి పందొమ్మిది పట్టింది.

సరుకుతో సహా ఇప్పటికే ఒప్పుకున్న ఇళ్ళ యజమానులతో మాట్లాడడం దీనికంటే కష్టం. నేను ఇద్దరికి ఉన్నదున్నట్టు చెప్పి, వైరు డబ్బు కొనే వారంలోనే, ఆనాటి ధరకే ఇవ్వాలని అడిగాను. ఒకాయన ఒప్పుకున్నారు, ఇంకొకాయన ఒప్పుకోలేదు, ఆ ఇంటి వైరు నష్టానికే వేశాను. తర్వాత నుంచి అంచనా కాగితం మీదనే పైపులు, వైరు, స్విచ్చులు అని మూడు భాగాలుగా రాసి, వైరు ధర కొనేనాటి బిల్లు ప్రకారం అని ఒక వాక్యం చేరుస్తున్నాను. దానికి అభ్యంతరం చెప్పినవారు చాలా తక్కువ.

లోటు సగానికి తగ్గేటప్పటికే శరీరంలో తేడా తెలుస్తుంది, ఎందుకంటే అప్పటికి "ఇప్పుడు ఖాళీ లేదు, దసరా తర్వాత మొదలుపెడతాను" అని చెప్పగలుగుతారు. రాత్రి ఎనిమిది తర్వాత ఫోను తీయకపోవడం, ఆదివారం మానేయడం వంటివన్నీ ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. అంతకు ముందు ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నా నిలబడవు, నేను పెట్టుకున్నాను.

ఇతర కారణాలు

కాగితం మీద లోటు లేకుండానే అలసట ఉంటే, మీ రేటు తక్కువై ఉండవచ్చు. చుట్టుపక్కల నలుగురిని అడిగితే పావుగంటలో తేలుతుంది. హెల్పరు సరుకు మాయం చేయడం, దుకాణంవాడు బిల్లులో ఎక్కువ వేయడం ఉన్నాయి గాని, నన్ను అడిగినవారిలో ఒక్కరికి కూడా అది అసలు కారణం కాలేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, చేయి తిమ్మిరి ఉంటే కాగితం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి, అది లెక్కల సమస్య కాదు.

లోటు లెక్కతో సంబంధం లేకపోయినా ఇంకో మాట: ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. బ్యాంకు ఖాతా ఉండి కూడా దీన్ని కట్టని మేస్త్రీలను ఇప్పటికీ చూస్తున్నాను, ఇది చదవడం ఆపి కట్టి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు భవన నిర్మాణ పనిలో ఉన్నవారు కార్మిక శాఖలో నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లోటు సున్నాకు వచ్చాక మళ్ళీ సరుకుతో పనులు ఒప్పుకోవచ్చు. అప్పుడు అడ్వాన్సులు పడే ఖాతా వేరుగా ఉండాలి, దాని కార్డు మీ జేబులో ఉండకూడదు. నాది మా ఆవిడ దగ్గర ఉంటుంది, దుకాణం బిల్లు చూపించందే ఇవ్వదు.