ఒడియా కాగితం చేతికొస్తే ఫోన్‌తో చదువుకోవడం ఎలాగంటే

మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగోళ్ళకి ఒడియా మాట్లాడ్డం వచ్చేస్తాది, బజార్లో బేరాలు కూడా ఆడేస్తాం, కానీ తహసీల్ ఆఫీసు నుంచి ఒక కాగితం ఇంటికొచ్చిందంటే మటుకు వీధిలో ఒడియా బడికెళ్ళే పిల్లోడు ఎవడున్నాడా అని వెతుక్కోవడమే. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనోళ్ళదీ ఇదే కథ. మొన్న మా చిన్నాన్న పొలం పట్టా పట్టుకొచ్చి "ఏరా, నీ ఫోను అన్నీ చదివేస్తాదంటావు కదా, ఇదేటో చూడు" అన్నాడు. చూశాను, "2 ఎకరాలు 35 దశాంశం" అని వచ్చింది. ఆయన నవ్వి "దశాంశం ఏట్రా, సెంట్లు కదా" అన్నాడు. ఆయనే కరెక్టు. ఒడిశా కాగితాల్లో డిసిమిల్ అని ఉంటాది, ఎకరాకి 100 డిసిమిల్లు, అంటే మన సెంటూ అదీ ఒకటే, ఫోను దాన్ని లెక్కల పుస్తకంలో మాట అనుకుంది అంతే.

సరే ఎలా చెయ్యాలో చెప్తాను. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011 నుంచే ఉంది, ఒడియా మటుకు 2020 ఫిబ్రవరిలోనే వచ్చింది, అందుకే ఒకప్పుడు ట్రై చేసి వదిలేసినోళ్ళు మళ్ళీ ఒకసారి చూడండి. ప్లే స్టోర్‌లో ఫోటోలో అక్షరాలు చదివే గూగుల్ లెన్స్ గానీ ట్రాన్స్‌లేట్ గానీ గూగుల్‌వే వేసుకోండి, ఒడియా టు తెలుగు అని పేరు పెట్టుకుని యాడ్స్‌తో నిండిపోయినవి బోలెడున్నాయి, అవి వద్దు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించేది) అయితే అస్సలు ముట్టుకోవద్దు.

కెమెరా తిన్నగా కాగితం మీద పెట్టి లైవ్‌లో చదివించకండి, చెయ్యి కొంచెం కదిల్తే చాలు అక్షరాలు గెంతుతా ఉంటాయి, ఒక్కో సెకనుకి ఒక్కో అర్థం చెప్తాది. ముందు ఫోటో తీసుకోండి. మడతలు సాపు చేసి, అరుగు మీద పగటి వెలుతుర్లో పెట్టి, మీ నీడ పడకుండా, నిటారుగా పైనుంచి. పేజీ మొత్తం ఒకటి, తర్వాత నాలుగైదు లైన్లకి ఒకటి దగ్గరగా. ఆ దగ్గర ఫోటోలే పనికొస్తాయి. అప్పుడు గ్యాలరీ నుంచి ఆ ఫోటో లెన్స్‌లో తెరిచి ట్రాన్స్‌లేట్ నొక్కి, పైన భాష దానంతటదే కనుక్కుంటాదిలే అని వదలకుండా ఒడియా అని మీరే ఎంచండి, పాత ప్రింటు అయితే అది వేరే భాష అనుకుంటాది. ముద్ర పడిన చోటా, చేత్తో రాసిన చోటా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కొండల మీద మోహన వైపో ఆర్. ఉదయగిరి వైపో ఉండి సిగ్నల్ లేకపోతే ఫోటోలు తీసి పెట్టుకుని కిందకి వచ్చాక చూసుకోండి, తొందరేటి.

కాగితం కాదు ఫోన్‌లోనే ఒడియా మెసేజో పీడీఎఫ్‌ఓ వచ్చిందనుకోండి, దానికి ఇంకా సులువు. సర్కిల్ టు సెర్చ్ అని 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో వచ్చింది, తర్వాత చాలా ఫోన్లకి ఇచ్చారు. కింద హోమ్ బటన్ ఉండే చోట వేలు నొక్కి పట్టుకుంటే స్క్రీన్ ఆగిపోతాది, అక్కడ ట్రాన్స్‌లేట్ గుర్తు నొక్కితే ఉన్నచోటే తెలుగులోకి మారిపోతాది. మీ ఫోన్‌లో రాకపోతే స్క్రీన్‌షాట్ తీసి లెన్స్‌లో తెరవండి, అదీ అదే పని. ఒడిశా భూముల రికార్డులుండే సర్కారు సైటు భూలేఖ్ క్రోమ్‌లో తెరిస్తే పైన మూడు చుక్కల్లో ట్రాన్స్‌లేట్ ఉంటాది, కానీ నేనైతే ఆ పేజీ ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి పక్కపక్కన చూస్తాను, ఎందుకంటే అది పేర్లక్కూడా అర్థాలు వెతికేస్తాది.

అసలు జాగ్రత్త పడాల్సింది పట్టా దగ్గరే. కిసమ్ అంటే భూమి రకం. దాని కింద శారద అని ఉంటే మా ఫోను శరదృతువు అని చూపించింది, చిన్నాన్న "అదేటి పండగా?" అన్నాడు, అది వరి పండే పొలం అని. ఘరబారి అంటే ఇల్లు కట్టుకునే జాగా. పేరు పక్కన పి అని పొట్టిగా ఉంటే తండ్రి, స్వా అని ఉంటే భర్త, మన తెలుగు బుర్రకి స్వా అంటే ఏదో స్వామి అనిపిస్తాది. జా అంటే కులం. నిజగాఁ అని కనపడితే సొంతూరు అని, మన నిజం అనే మాట అనుకోకండి. ఇలాంటి పది పదిహేను మాటలు ఒక నోట్‌లో రాసి ఫోన్‌లో పెట్టుకోండి, ఆ తర్వాత ఫోను తప్పు చెప్పినా మీకు తెలిసిపోతాది.

ఇంకోటి అంకెలు, నేను పరువు పోగొట్టుకున్నది ఇక్కడే. ఒడియా 4 చూడ్డానికి పైన తెరుచుకున్న మన 8లా ఉంటాది. ప్లాట్ నంబర్లో ఉన్న 4ని ఫోను 8 అని చదివింది, నేను చూసుకోకుండా దరఖాస్తులో అదే రాసేశాను, చిన్నాన్నని ఎండలో తహసీల్ ఆఫీసుకి వెంటేసుకెళ్ళాక అక్కడ కూచున్న గుమస్తా "ఇది ఎవరి పొలం బాబూ" అన్నాడు. తప్పు నాదే, ఏం అనగలను. అప్పట్నించి ఒడియా అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక చీటీ మీద రాసి ఫోన్ కవర్ వెనకాల పెట్టుకున్నాను. ప్లాట్ నంబర్, ఖాతా నంబర్, విస్తీర్ణం, తేదీ ఈ నాలుగూ ఫోను ఏమన్నా సరే కంటితో ఆ చీటీతో పోల్చుకోవాల్సిందే.

మనమే ఒడియాలో ఏదైనా రాయాల్సి వస్తే ట్రాన్స్‌లేట్‌లో మైక్ నొక్కి తెలుగులో చెప్పండి, కానీ మనం మాట్లాడినట్టు పెద్దగా కాదు, చిన్న చిన్న ముక్కలుగా. "మా పొలం హద్దు తప్పు పడింది. సరి చెయ్యండి." ఇలా. వచ్చిన ఒడియాని మళ్ళీ తిప్పే బాణం నొక్కి తెలుగులోకి తెచ్చి చూడండి, మీరన్నదే తిరిగొస్తే పర్లేదు. ఒడియాలో కూడా మనకి లాగే మర్యాదలున్నాయి, ఆపణ అంటే మీరు, తుమే అంటే నువ్వు, తు అంటే ఇంకా చనువు. ఫోను ఒక్కోసారి పెద్దోళ్ళకి కూడా తుమే అనేస్తాది, ఆఫీసరుకి అలా రాస్తే బాగోదు కదేటి, ఒడియా చదవడం వచ్చినోళ్ళు ఎవరికైనా ఆ ఒక్క మాట చూపించి ఆపణ చేయించుకోండి. కేంద్రం 2022లో మొదలెట్టిన భాషిణి అనే అనువాద సేవ కూడా ఉంది, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి, రెండిట్లో పెట్టి పోల్చుకుంటే తేడా ఎక్కడుందో తెలుస్తాది.

ఫోటో తీసే ముందు ఆధార్ నంబర్ మీద ఒక చిన్న కాగితం ముక్క పెట్టండి, ఇంటర్నెట్‌లోకి వెళ్ళేదే కదా. పనయ్యాక ఫోటోలు గ్యాలరీలో పడేయకుండా ఒక ఫోల్డర్ చేసి దానికి ఊరు పేరు పెట్టుకోండి, చిన్నాన్న నెలకోసారి "ఆ కాగితం మళ్ళీ చూపించు" అంటాడు, నేను అప్పుడు పెళ్ళి ఫోటోల్లో వెతుక్కుంటా కూచుంటాను.