రోడ్ రాష్ ఎలా ఆడాలి? గుద్దులు తక్కువ, డబ్బులు ఎక్కువ

బెజవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చున్నవాళ్లకు రోడ్ రాష్ అనే బైక్ రేసుల కంప్యూటర్ ఆటను పరిచయం చేయక్కర్లేదు. కాకపోతే వాళ్లలో చాలామంది ఆడింది త్రాష్ మోడ్ ఒక్కటే. నచ్చిన రోడ్డు ఎంచుకోవడం, కనిపించినవాణ్నల్లా బాదడం, టైమ్ అయిపోగానే లేవడం. అసలు ఆట, రేసుల్లో డబ్బు గెలుచుకుంటూ లెవెల్స్ దాటే బిగ్ గేమ్ మోడ్‌లో ఉంది. అక్కడ ప్రతి కొట్లాటకూ ఓ ఖర్చుంటుంది. ఆ లెక్క పట్టుకుంటే చాలు, ఆట చేతికొస్తుంది.

ముందు ఆటను నడిపించడం

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఈ ఆటను 1991లో సేగా కన్సోల్ కోసం తెచ్చింది. మన దగ్గర అందరూ ఆడింది 1996లో విండోస్ 95 కోసం వచ్చిన వెర్షన్. పాత సీడీ మీ దగ్గరుంటే, ఇప్పటి విండోస్‌లో ఆట ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో విండోస్ 95 ఎంచుకోండి. రంగులు చెదిరిపోతే అక్కడే ఉన్న 8-బిట్ కలర్ ఆప్షన్ పెట్టి చూడండి. ఊరూ పేరూ లేని సైట్ల నుంచి దించుకుంటే మాత్రం ఆటతో పాటు వైరస్ కూడా ఇంటికొస్తుంది. ఏ మీట ఏం చేస్తుందో మొదటి రేసుకు ముందే మెనూలో చూసుకోండి.

కుడివైపు నడపండి

మనవాళ్లు మొదట పడేది ఇక్కడే. ఏలూరు రోడ్డు మీద ఎడమవైపు నడిపిన చేయి ఆటలోనూ ఎడమకే లాగుతుంది. కానీ ఈ రోడ్లు కాలిఫోర్నియావి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, ఎడమవైపు నుంచి కార్లు ఎదురొస్తాయి. త్రాష్ మోడ్‌లో ఎవరినీ కొట్టకుండా, కుడి సగంలోనే ఒకట్రెండు రేసులు పూర్తి చేయండి. చప్పగా ఉంటుంది, తప్పదు. సిటీ ట్రాక్‌లో కూడళ్ల దగ్గర అడ్డంగా బండ్లు దూసుకొస్తాయి కాబట్టి అక్కడ యాక్సిలరేటర్ వదలాలి. సియెర్రా నెవాడా లాంటి కొండ రోడ్లలో ఎత్తు దాటాక ఏముందో కనపడదు. గాల్లోకి లేచే ముందే బండిని తిన్నగా పెట్టుకోండి.

ఎవరిని కొట్టాలి, ఎప్పుడు?

గుద్దు కంటే తన్ను మేలు. గుద్దితే అవతలివాడి ఓపిక కొంచెం తగ్గుతుంది. తన్నితే వాడు పక్కకు జరుగుతాడు. మీరు వాడికి కుడివైపు చేరి, ఎదురుగా కారు వస్తున్నప్పుడు ఎడమకు తన్నారనుకోండి, మిగతా పని ఆ కారే చూసుకుంటుంది. వాడు మీకు కుడిపక్కనుంటే రోడ్డు అంచుకు నెట్టేయొచ్చు. మలుపులో మాత్రం ఎవరి జోలికీ వెళ్లకండి, ఇద్దరూ కలిసి పడతారు.

కర్రో గొలుసో ఉన్నవాణ్ని చూసి భయపడనక్కర్లేదు. వాడు దెబ్బకు చెయ్యెత్తిన క్షణంలో మీరు గుద్దు మీట నొక్కితే ఆయుధం మీ చేతికొస్తుంది. టైమింగ్ కుదరడానికి కొంత కాలం పడుతుంది, ఆలోగా తన్నులు బాగానే తింటారు. కానీ ఈ ఆటలో ఇంతకు మించిన ఆనందం లేదు.

ఆయుధం దొరికింది కదా అని వెనకున్నవాళ్ల కోసం ఆగకండి. ముందున్నవాణ్ని దాటడానికి వాడు అడ్డమైతేనే కొట్టాలి. దారిచ్చినవాణ్ని కొట్టడం దండగ.

పడితే, పోలీసొస్తే

పడిపోయాక మీ మనిషి లేచి బండి దగ్గరికి పరిగెత్తాలి. మధ్యలో కారు తగిలితే మళ్లీ ఎగిరిపడతాడు. పోలీసు దగ్గర్లో ఉన్నప్పుడు పడటమే అన్నిటికంటే చేటు. ఆగిన బండి పక్కకు ఆయన వచ్చాడంటే రేసు ముగిసినట్టే, పైగా జరిమానా. అందుకే పోలీసు కనపడగానే కొట్లాట మానేసి వేగం పెంచండి. పోలీసునూ తన్నొచ్చు. గురి తప్పితే పడేది మీరు, కాబట్టి నేనైతే ఆ పని చేయను.

జేబు చూసుకోండి

బిగ్ గేమ్‌లో 5 రోడ్లుంటాయి. ఒక్కోదాంట్లో మొదటి మూడు స్థానాల్లో నిలవాలి. ఐదూ గెలిస్తే తర్వాతి లెవెల్, అలా మొత్తం 5 లెవెల్స్. లెవెల్ పెరిగేకొద్దీ రోడ్లు పొడవవుతాయి, ఎదుటివాళ్లు ముదురుతారు. మొదటి స్థానమే కావాలని తెగించి బండి విరగ్గొట్టుకోవడం కంటే, మూడో స్థానంలో క్షేమంగా చేరడం చాలాసార్లు లాభం. విరిగిన బండికి రిపేరు డబ్బులు కట్టాలి. కట్టలేకపోతే ఆట అయిపోయినట్టే.

కొత్త బండి షాపులో ఊరిస్తూ ఉంటుంది. ఉన్నదంతా ఊడ్చి కొనకండి, ఒక రిపేరుకో జరిమానాకో సరిపడా మిగిలాకే కొనండి. మొదటి లెవెల్‌ను పాత బండితోనే లాగించొచ్చు. రెండో లెవెల్ నుంచి దానితో కష్టం. గెలిచిన ప్రతి రేసు తర్వాతా సేవ్ చేసుకోండి. ఆ సమయంలో కరెంటు పోయిందా, మీ ఖర్మ.

పాత సీడీ ఎక్కడా దొరకనివాళ్లకు 2017లో వచ్చిన రోడ్ రిడెంప్షన్ ఉంది. ఇదే తరహాలో చేసిన ఆట, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో కొనుక్కోవచ్చు. ఒకే స్క్రీన్ మీద నలుగురు ఆడొచ్చు కాబట్టి, మేలో బయట అడుగుపెట్టలేని మధ్యాహ్నాలకు సరిగ్గా సరిపోతుంది. గేమ్‌ప్యాడ్‌లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోమనండి.