యుద్ధనౌకలో గది చల్లబడటం లేదా? గ్యాస్ గేజీ పెట్టే ముందు ఫ్యాన్ దిశ చూడండి

చెన్నై హార్బర్‌లో జెటికి కట్టిన నౌకల మీద ఏసీ ప్లాంటు పని చేసే మన తెలుగు కుర్రాళ్ళలో చాలామంది రాయపురం, తండయార్‌పేట వర్క్‌షాపుల్లో భవనాల చిల్లర్ల మీద చేయి తిప్పుకుని వచ్చినవారే. గేజీ పెట్టడం, వాక్యూమ్ పట్టడం, వైరింగ్ చూసుకోవడం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే నౌక మీద ఫిర్యాదు రాగానే నేరుగా చిల్లర్ దగ్గరకు వెళ్ళి గ్యాస్ ప్రెజర్ చూసే అలవాటు వల్ల ఎన్నో రోజుల పని వృథా కావడం నేను మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. నౌకలో గది వేడెక్కితే, ఎక్కువసార్లు లోపం ఆ గదికి వచ్చే గాలి దారిలోనే ఉంటుంది, ప్లాంటులో కాదు.

ఏర్పాటు క్లుప్తంగా ఇది. చిల్లర్ నీటిని 6, 7 డిగ్రీలకు చల్లబరుస్తుంది. ఆ నీరు పైపుల ద్వారా నౌకంతా తిరిగి, ఒక్కో విభాగానికి ఉన్న ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి ఫ్యాన్‌తో గదులకు పంపే పెట్టె) కాయిల్‌లో వేడిని తీసుకుని, 12 డిగ్రీల దరిదాపుల్లో వెనక్కి వస్తుంది. చిల్లర్ పోగుచేసిన వేడిని కండెన్సర్ సముద్రపు నీటిలోకి వదులుతుంది. భవనానికీ యుద్ధనౌకకూ ఉన్న పెద్ద తేడా గాలిని తీసుకెళ్ళే డక్టుల్లో ఉంటుంది. ఒక విభాగంలోకి నీరు గానీ మంట గానీ వస్తే పక్క విభాగానికి పాకకూడదు కాబట్టి, డక్టు బల్క్‌హెడ్‌నో (విభాగాల మధ్య అడ్డగోడ) డెక్‌నో (అంతస్తు) దాటే చోట మూసుకునే ఫ్లాపులు ఉంటాయి. అణు, జీవ, రసాయన దాడి హెచ్చరిక ఉన్నప్పుడు బయటి గాలి మామూలు దారులన్నీ మూసేసి, ప్రత్యేక ఫిల్టర్ల గుండా వచ్చిన గాలితోనే లోపలి ప్రెజర్‌ను బయటికంటే కాస్త ఎక్కువగా నిలుపుతారు.

గాలే రావడం లేదు

గదిలోకి గాలి వచ్చే నోరైన డిఫ్యూజర్ దగ్గర చేయి పెడితే గాలి తగలకపోతే మొదట ఫ్లాపులు చూడండి. డ్రిల్‌లో మూసిన ఫ్లాపు మళ్ళీ తెరవకపోవడం చాలా మామూలు సంగతి. హ్యాండిల్ పక్కన తెరుచుకున్న, మూసుకున్న గుర్తులు ఉంటాయి. కానీ ఇరుసు మీద పిన్ను విరిగితే హ్యాండిల్ తెరిచినట్టు చూపుతూనే లోపలి రేకు మూసుకుని ఉంటుంది కాబట్టి, తనిఖీ తలుపు తీసి టార్చి వేసి చూడాలి. ఫ్లాపును మీరుగా కదపకండి. డ్యూటీలో ఉన్న నౌకా సిబ్బందికి చెప్పి, వారి చేతనే తెరిపించండి. అది నౌక భద్రతకు సంబంధించిన వస్తువు, మన ఏసీ సామాను కాదు.

గాలి వస్తోంది, చల్లగానే ఉంది, గది మాత్రం చల్లబడటం లేదు

ఈ లక్షణం నన్ను చాలా బాధపెట్టింది కాబట్టి దీని గురించి వివరంగా రాస్తాను.

కొన్నేళ్ళ కిందట రిఫిట్‌కు (పెద్ద మరమ్మతుకు) వచ్చిన ఒక నౌకలో మెస్ డెక్ (సిబ్బంది తిని, పడుకునే గది) 29 డిగ్రీల నుంచి కిందికి దిగనంది. డిఫ్యూజర్ దగ్గర చేయి పెడితే గాలి చల్లగా, మామూలు కంటే ఎక్కువ చల్లగానే తగులుతోంది. మిగతా విభాగాలు పని కోసం మూసి ఉండటంతో ప్లాంటు మీద ఉన్న భారమంతా ఆ ఒక్క ఏహెచ్‌యూదే. చిల్లర్ కాసేపు నడిచి, సక్షన్ ప్రెజర్ (కంప్రెసర్ గ్యాస్ పీల్చే వైపు ప్రెజర్) పడిపోయి ఆగిపోతోంది. గ్యాస్ పైపు మీది సైట్ గ్లాస్‌లో (లోపలి ద్రవం కనిపించే గాజు కిటికీ) బుడగలు కనిపించాయి. గ్యాస్ తక్కువని అందరం ఒక్క మాట మీద తేల్చి నాలుగు కిలోలు ఎక్కించాం. రెండు రోజుల తర్వాత మిగతా గదులు తెరిచి, మే నెల మధ్యాహ్నపు ఎండలో పూర్తి భారం పడగానే అదే చిల్లర్ హై ప్రెజర్‌తో ట్రిప్ అయింది. ఎక్కించిన గ్యాస్‌ను మళ్ళీ సిలిండర్లోకి దించాం. మెస్ డెక్ మాత్రం అలాగే వేడిగా ఉంది.

నాలుగో రోజు ఏహెచ్‌యూ దగ్గర కూర్చుని ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న ప్రెజర్ తేడా చూపే మానోమీటర్ చూశాను. మామూలుగా 12 మిల్లీమీటర్ల నీటి మట్టం చూపవలసినది 3 మాత్రమే చూపుతోంది. ఆ అంకెను అంతకుముందు మేమంతా చూశాం, ఫిల్టర్ శుభ్రంగా ఉందనుకుని ముందుకు వెళ్ళిపోయాం. ఫిల్టర్ మీద ప్రెజర్ తేడా తక్కువగా ఉందంటే ఫిల్టర్ శుభ్రంగా ఉండవచ్చు, లేదా దాని గుండా గాలి తగినంత పోకపోవచ్చు. ఇక్కడ రెండోదే నిజం. ఫ్యాన్ ఆపించి, అది నెమ్మదించేటప్పుడు షాఫ్ట్ వైపు టార్చి వేశాను. కేసింగ్ మీద ఎర్ర రంగుతో వేసిన బాణం ఒక వైపు చూపుతోంది, షాఫ్ట్ రెండో వైపు తిరుగుతోంది. పక్కనున్న శ్రీకాకుళం కుర్రాడు "అదేంటన్నా, గాలి ముందుకే వస్తోంది కదా" అన్నాడు. ఆ ప్రశ్నలోనే మమ్మల్ని నాలుగు రోజులు తిప్పిన సంగతంతా ఉంది.

ఏహెచ్‌యూలో ఉండే సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలిని డక్టులోకే తోస్తుంది, కేసింగ్ ఆకారం దాన్ని అటే పంపుతుంది. తగ్గేది గాలి పరిమాణం మాత్రమే, అదీ బాగా తగ్గుతుంది. కాబట్టి డిఫ్యూజర్ దగ్గర కాగితం ముక్క పట్టుకునే పరీక్ష ఇక్కడ మోసం చేస్తుంది, కాగితం ఎగురుతూనే ఉంటుంది. కాయిల్ మీదుగా గాలి తక్కువగా, నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆ కాస్త గాలీ మరీ చల్లబడుతుంది, అందుకే చేతికి ఎక్కువ చల్లగా తగులుతుంది. గదిలోని వేడిని మోయడానికి మాత్రం ఆ గాలి చాలదు. కాయిల్‌లో నీరు వేడెక్కక 7 డిగ్రీలకు వెళ్ళి 8 డిగ్రీలకే తిరిగి వస్తుంది. భారం లేని చిల్లర్‌లో సక్షన్ ప్రెజర్ పడిపోయి యంత్రం ఆగుతుంది. గ్యాస్ తక్కువైనప్పుడూ ఇలాగే ఆగుతుంది కాబట్టి మన చేయి సిలిండర్ మీదికి పోతుంది.

రెంటికీ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గ్యాస్ తక్కువైన ప్లాంటు భారం ఉన్నప్పుడు నీటిని తగినంత చల్లబరచలేదు, వెళ్ళే నీరే 10, 12 డిగ్రీలకు ఎక్కుతుంది. వెళ్ళే నీరు 7 డిగ్రీల్లోనే ఉండి, తిరిగి వచ్చే నీరు దాదాపు అంతే చల్లగా ఉంటే, ప్లాంటు తన పని తాను చేస్తోందనీ, గది వేడి నీటి దాకా రావడం లేదనీ అర్థం. సైట్ గ్లాస్‌లో బుడగలను భారం తక్కువగా ఉన్నప్పుడు రుజువుగా తీసుకోకండి, గ్యాస్ సరిగ్గా ఉన్న యంత్రంలోనూ అవి కనిపిస్తాయి. మోటారు ఆంపియర్లను నమ్మి తీర్పు చెప్పడం కూడా వద్దు, బ్లేడ్ల వంపును బట్టి వెనక్కి తిరిగే ఫ్యాన్ తక్కువ కరెంటూ తీసుకోవచ్చు, ఎక్కువా తీసుకోవచ్చు. బాణం చెరిగిపోయి ఉంటే కేసింగ్‌నే చూడండి. నత్తగుల్లలా చుట్టిన ఆ కేసింగ్ ఏ వైపు తిరుగుతూ వెడల్పై బయటి నోటికి చేరుతుందో, చక్రం ఆ వైపే తిరగాలి.

కారణం తెలిశాక కూడా తొందరపడకండి. మూడు ఫేజుల్లో రెండు వైర్లు మార్చితే దిశ మారుతుందని అందరికీ తెలుసు, ఎక్కడ మార్చాలన్నదే అసలు ప్రశ్న. మోటారు రివైండింగ్‌కు వెళ్ళి వచ్చి, టెర్మినల్ బాక్స్‌లో వైర్లు తారుమారై ఉంటే ఆ ఒక్క ఫ్యానే తప్పు తిరుగుతుంది, దాని దగ్గరే సరిచేయాలి. అలా కాక జెటి నుంచి నౌకకు వచ్చే కరెంటు, అంటే షోర్ సప్లై, ఫేజుల క్రమమే తప్పుగా ఉంటే నౌకలోని ఫ్యాన్లూ పంపులూ అన్నీ వెనక్కి తిరుగుతాయి, సెంట్రిఫ్యూగల్ పంపు కూడా వెనక్కి తిరుగుతూ కొంత నీటిని తోస్తూనే ఉంటుంది కాబట్టి అదీ బయటపడదు. అప్పుడు ఎదురుగా ఉన్న మోటారు దగ్గర వైర్లు మార్చి చేతులు దులుపుకుంటే, నౌక తన జనరేటర్ మీదికి మారిన రోజు మీరు సరిచేసిన ఫ్యాన్ ఒక్కటే వెనక్కి తిరుగుతుంది. ఇదీ నాకు జరిగింది. నడి సముద్రంలో సిబ్బంది ఆ గదిలో వేడిలో పడుకోవలసి వచ్చిందని తర్వాత విన్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

అందువల్ల ముందు ఫేజ్ సీక్వెన్స్ మీటరును షోర్ కనెక్షన్ బాక్స్ దగ్గర పెట్టండి, తర్వాత ఫ్యాన్ స్టార్టర్ దగ్గర పెట్టండి. మీటరు లేకపోతే మరో రెండు, మూడు ఫ్యాన్ల బాణాలు చూడండి. యాక్సియల్ ఫ్యాన్ (ఇరుసు వెంబడి నేరుగా గాలి తోసేది) ఉన్న టాయిలెట్ ఎగ్జాస్ట్ చాలా సులువైన సాక్షి, ఎందుకంటే యాక్సియల్ ఫ్యాన్ వెనక్కి తిరిగితే గాలి నిజంగానే వెనక్కి వస్తుంది, జాలీకి అంటుకోవలసిన కాగితం ఎగిరిపోతుంది. స్క్రూ కంప్రెసర్ చిల్లర్ నడుస్తోందంటే సప్లై క్రమం సరిగ్గానే ఉందని అనుకోవచ్చు, దానిలోని ఫేజ్ రిలే తప్పు క్రమంలో స్టార్ట్ కానివ్వదు. అయితే ఎవరైనా ఆ రిలేను బైపాస్ చేసి ఉంటే, లేదా అటువంటి రక్షణ లేని పాత పిస్టన్ కంప్రెసర్ అయితే ఈ తర్కం పనికిరాదు. తప్పు షోర్ సప్లైలో ఉంటే జెటి సిబ్బందికి చెప్పి అక్కడే సరిచేయించండి, నౌకలో ఒక్క వైరూ ముట్టుకోకండి. తప్పు మోటారు దగ్గర ఉంటే సప్లై ఆపించి, స్టార్టర్‌కు ట్యాగు వేయించి, రెండు వైర్లు మార్చి, బాణంతో పోల్చి చూసి, మానోమీటర్ అంకెను లాగ్ పుస్తకంలో రాయండి. ఆ అంకె రాసి ఉంటే తర్వాత వచ్చే మనిషికి నాలుగు రోజులు మిగులుతాయి.

చిల్లర్ హై ప్రెజర్‌తో ఆగుతోంది

గ్యాస్ ఎక్కువ ఎక్కించి ఉండకపోతే, ఇది ఎక్కువసార్లు సముద్రపు నీటి వైపు లోపం. చెన్నై తీరంలో వేసవిలో సముద్రపు నీరు 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆర్-134ఏ గ్యాస్ వాడే ప్లాంటులో కండెన్సింగ్ 40 డిగ్రీల దగ్గర ఉంటే గేజీ మీద దాదాపు 9 బార్ కనిపిస్తుంది, అంత వరకు కంగారు అక్కరలేదు. దాన్ని బాగా దాటుతుంటే ముందు సముద్రపు నీటిని వడకట్టే సీ స్ట్రెయినర్ తెరవండి. కూవం నది హార్బర్‌కు కాస్త దక్షిణంగానే సముద్రంలో కలుస్తుంది కాబట్టి, ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత ప్లాస్టిక్ కవర్లూ చెత్తా స్ట్రెయినర్‌కు చేరడం ఖాయం. కొన్నిసార్లు జెల్లీ చేపలూ వస్తాయి. స్ట్రెయినర్ శుభ్రంగా ఉండి ప్రెజర్ తగ్గకపోతే కండెన్సర్ ట్యూబుల్లో బురదా గుల్లలూ పట్టి ఉంటాయి. ట్యూబులు కాపర్ నికెల్‌వి, ఇనుప బ్రష్ పెట్టి గీయకండి, నైలాన్ బ్రష్ వాడండి. ఎండ్ కవర్ తీసినప్పుడే, కండెన్సర్ తుప్పు పట్టకుండా తాను కరిగే జింక్ ఆనోడ్ ఎంత కరిగిందో చూడండి.

డిఫ్యూజర్ నుంచి నీళ్ళు కారుతున్నాయి

ఇన్సులేషన్ మీద నింద వేసే ముందు కాయిల్ కింద ట్రే, దాని డ్రెయిన్ ట్రాప్ (నీరు నిలిచి గాలిని ఆపే పైపు వంపు) చూడండి. ఫ్యాన్ పీల్చే వైపు ఉన్న ట్రేలో బయటికంటే 500 పాస్కల్ ప్రెజర్ లోటు ఉంటే అది 50 మిల్లీమీటర్ల నీటి మట్టంతో సమానం. ట్రాప్‌లో అంతకంటే ఎక్కువ లోతున నీరు నిలవకపోతే ఫ్యాన్ బయటి గాలిని డ్రెయిన్ గుండా లోపలికి లాగుతుంది, ట్రేలో నీరు దిగక పొంగి గాలితోపాటు డక్టులోకి పోతుంది. చాలాకాలం ఆగి ఉన్న ఏహెచ్‌యూలో ట్రాప్ ఎండిపోతుంది, ఫ్యాన్ వేయకముందే ఒక చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. నౌక ఒక పక్కకు ఒరిగి ఉన్నప్పుడు మాత్రమే కారితే, డ్రెయిన్ రంధ్రం ట్రేకు ఎత్తు మూలలో పడిందని అర్థం, రెండో మూలలోనూ రంధ్రం వేయించాలి.

ఇక ఎక్స్‌పాన్షన్ వాల్వు చెడటం, కంప్రెసర్ వాల్వు పలకలు విరగడం, మూడు దారుల వాల్వు బిగుసుకోవడం వంటివి ఉంటాయి గానీ, నేను చూసిన నౌకల్లో అవి చాలా అరుదు. పైవన్నీ చూసి, గాలి పరిమాణాన్ని కొలిచి, రెండు నీటి ఉష్ణోగ్రతలూ రాసుకున్న తర్వాతే వాటి జోలికి వెళ్ళండి.