తక్కువ ఖర్చులో ఆడియో తీగలు: పిన్ను, కేబుల్ ఎంపిక

ప్లేయర్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపే ఆర్‌సీఏ తీగను (చివర్ల నడిమి పుల్ల, దాని చుట్టూ రింగు ఉండే పిన్నుల తీగను) ఇంట్లోనే చేసుకోదలచినవారు ముందుగా షీల్డు సంగతి గ్రహించాలి. నడిమి తీగ చుట్టూ ఉండే ఆ లోహపు అల్లిక బయటి రొదను ఆపడంతోపాటు సిగ్నల్ తిరిగివెళ్లే దారిగా కూడా పనిచేస్తుంది. రెండు పరికరాల ఎర్తుల మధ్య పారే స్వల్ప విద్యుత్తు కూడా దాని గుండానే పోతుంది గనుక, షీల్డు నిరోధం పెరిగేకొద్దీ స్పీకరులో 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే రొద) పెరుగుతుంది. అందువల్ల చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును దట్టమైన రాగి అల్లిక మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

కాకినాడలో అయినా భీమవరంలో అయినా చవకగా దొరికేది కేబుల్ టీవీ వారు వాడే ఆర్‌జీ-6 రకం కేబుల్. ఇందులో అల్లిక సాధారణంగా అల్యూమినియంది కావడంతో మామూలు టంకం దానికి అంటదు. నడిమి తీగ కూడా చాలావరకు రాగిపూత పూసిన ఉక్కే. రాగి అల్లిక ఉన్న ఆర్‌జీ-59 అనే మరో రకం కేబుల్ ఇంతకంటే మేలు. అయితే సీసీ కెమెరాల కోసం అమ్మేవాటిలోనూ రాగిపూత అల్యూమినియం కలుస్తోంది కాబట్టి, కొనేముందు చిన్న ముక్క అడిగి తీసుకుని, నడిమి తీగను, అల్లిక పోగును బ్లేడుతో లోతుగా గీకి చూడండి. పైకి తెల్లగా ఉన్నా లోపల ఎర్రగా కనిపిస్తే అది తగరపు పూత వేసిన మంచి రాగి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలితే వదిలేయండి. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఉక్కు ఉన్నట్టే.

మెత్తగా వంగే తీగ కావాలంటే రెండు కోర్ల మైక్ కేబుల్ తీసుకుని, ఒక కోరును సిగ్నల్‌కు వాడి, రెండవ కోరును షీల్డుతో కలిపి రెండు చివర్లా ఎర్తుకు టంకం వేయండి. ఆర్‌జీ-59 కెపాసిటెన్సు (విద్యుదావేశాన్ని నిలిపి ఉంచుకునే గుణం) మీటరుకు సుమారు 67 పికోఫారడ్లు. ఒకటి రెండు మీటర్ల లైన్ తీగలో దాని ప్రభావం చెవికి తెలియదు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూదితోపాటు అయస్కాంతం కదిలే పికప్) ఉన్న రికార్డు ప్లేయరులో మాత్రం ఆ ప్రభావం తెలుస్తుంది కాబట్టి తీగ పొట్టిగా ఉండాలి.

పిన్ను కొనేటప్పుడు కేబుల్ ముక్కను వెంట తీసుకువెళ్లండి. ఆర్‌జీ-59 మందం సుమారు 6 మిల్లీమీటర్లు. చవక పిన్నుల వెనుక రంధ్రంలో అది పట్టకపోవచ్చు. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామాల్లో ఉప్పుగాలికి లోహం త్వరగా చిలుము పడుతుంది కాబట్టి, పూత ఎంత మెరుస్తోందన్నదాని కంటే సాకెట్టును పిన్ను ఎంత బిగువుగా పట్టుకుంటుందన్నది ముఖ్యం. సాకెట్టు తగరపు పూతదైతే బంగారు పూత పిన్ను వద్దు. తేమలో ఆ రెండు లోహాలకూ పొసగదు.

టంకానికి 63/37 రకం (63 శాతం తగరం, 37 శాతం సీసం), లోపల రోజిన్ అనే జిగురు ఫ్లక్సు (టంకం బాగా అంటుకునేలా చేసే పదార్థం) ఉన్నది వాడండి. అది 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. యాసిడ్ ఫ్లక్సు వాడితే అది అతుకులోనే మిగిలి, మన తేమకు రాగిని తినేస్తుంది. చవక పిన్నుల్లో ప్లాస్టిక్ వేడికి మెత్తబడి నడిమి పుల్ల పక్కకు ఒరుగుతుంది. పాత ఆర్‌సీఏ సాకెట్టులో పిన్నును గుచ్చి ఉంచి టంకం వేస్తే పుల్ల నిటారుగా నిలుస్తుంది. అతుకు చల్లారాక మల్టీమీటరును బీప్ మీద పెట్టి, తీగను అటూ ఇటూ వంచుతూ రెండు చివరలనూ పరీక్షించండి. నడిమి పుల్లకూ బయటి రింగుకూ మధ్య మాత్రం బీప్ రాకూడదు.